పైకాయ చూసి కాలేజీ కొనకండి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ మూతి దగ్గర కనిపించే కాయని ఎవరూ నమ్మరు. కొనేవాడు వస్తాడు, కుట్టు విప్పిస్తాడు, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు కాయ బయటికి తీస్తాడు. రంగు చూస్తాడు. విరిచి గింజ చూస్తాడు. తేమ ఉందేమోనని అరచేతిలో నలుపుతాడు. తాలు ఎంత కలిసిందో కళ్లతోనే లెక్కేస్తాడు. ఆ తర్వాతే ధర చెప్తాడు. నలభై, నలభై ఐదు కిలోల టిక్కీకి ఇంత తతంగం.

మరి నాలుగేళ్ల చదువుకి, లక్షల రూపాయల ఫీజుకి మనం ఏం చూస్తున్నాం? బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ. అందులో కోటు వేసుకుని నవ్వుతున్న నలుగురు పిల్లలు, వాళ్ల ఫోటోల కింద ప్యాకేజీ అంకెలు. అంతే.

నేనూ అట్టాగే చేరాను. అందుకే ఈ కథ రాస్తున్నా. 2025లో మా తమ్ముడి వంతు వచ్చినప్పుడు ఆ తప్పు మళ్లీ జరక్కుండా మా ఇంట్లో ఏం చేశామో చెప్తా. ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టబోయే వాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

నేను ఎట్టా చేరానంటే..

మాది పెదనందిపాడు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. సొంతం రెండెకరాలు, ఇంకో ఎకరన్నర కౌలుకి. పత్తి, మిర్చి తప్ప మా నాన్నకి వేరే లోకం తెలీదు. 2017లో నా ఎంసెట్ ర్యాంకు వచ్చింది. కాలేజీ ఎంచుకోవడానికి మా ఇంట్లో చూసినవి మూడే మూడు. ఒకటి, కాలేజీ బస్సు మా ఊరి మీదుగా వస్తుందా? రెండు, సీఎస్ఈ ఉందా? మూడు, ఫ్లెక్సీలో ‘100 శాతం ప్లేస్‌మెంట్స్’ అని ఉందా? మూడూ ఉన్నాయి. చేరిపోయా.

మొదటి ఏడాది ఏమీ తెలియలేదు. రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ చెప్పే సార్ సెమిస్టర్ మధ్యలో మానేశారు. ఆయన స్థానంలో మా సీనియర్ బ్యాచ్‌లో అప్పుడే పాసైన అక్క వచ్చి పీపీటీ చదివి వెళ్లేది. ల్యాబ్‌లో ముగ్గురికి ఒక సిస్టమ్. ఫైనలియర్‌లో ఆ ‘100 శాతం’ అసలు రహస్యం తెలిసింది. మా క్లాసులో ఒకడికి నాలుగు ఆఫర్లు వచ్చాయి. వాడు చేరేది ఒక్క కంపెనీలోనే, కానీ లెక్కలో నలుగురయ్యాడు. ఏ ఆఫరూ రాని ముగ్గురు ఆ లెక్కలో మాయమైపోయారు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని.

నా అదృష్టం 2021. కరోనా తర్వాత ఐటీ కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్న ఏడాది అది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో మళ్లీ మొదట్నుంచీ నేర్చుకుని, ఆరు నెలలకి హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం సంపాదించా. రెండేళ్ల తర్వాత వచ్చిన బ్యాచ్‌కి ఆ అదృష్టం లేదు. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా జాయినింగ్ డేట్ రాక నెలల తరబడి ఎదురుచూసిన వాళ్లు నా ఫ్రెండ్స్ తమ్ముళ్లు, చెల్లెళ్లలోనే ఉన్నారు.

మిర్చి ధర లాంటిదే సీఎస్ఈ

2025 ఫిబ్రవరిలో మా నాన్న 62 టిక్కీలు యార్డుకి తోలాడు. రెండేళ్ల కిందట క్వింటా 20 వేలు దాటిన మిర్చి, ఆ రోజు మా కాయకి పదిన్నర వేలే పలికింది. ధర పడిపోయిందని అంతా గోల చేస్తే మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. పెట్టుబడికే అది చాలదన్నారు రైతులు.

మన రైతులకి ఈ ఆట కొత్త కాదు. ఒక ఏడాది ధర వస్తే మరుసటి ఏడాది ఊరంతా మిర్చే వేస్తుంది. కాయ యార్డుకి వచ్చేసరికి ధర ఉండదు. మిర్చికైతే నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా నెలల లెక్క. బీటెక్‌కి నాలుగేళ్లు. 2021 జోరు చూసి సీఎస్ఈలో చేరినవాళ్లు బయటికొచ్చింది 2025లో. అప్పటికి యార్డు మారిపోయింది.

దానికి తోడు సీట్లు. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. బాగా నడుస్తున్న కాలేజీలు భవనాలు, ల్యాబులు, అధ్యాపకులు చూపిస్తే సీట్లు పెంచుకోవచ్చు. అందరూ అడిగేది సీఎస్ఈ కాబట్టి పెరిగేవి ఆ సీట్లే.

అలాగని సీఎస్ఈ వద్దని నేననను. ధర పడిన రోజున కూడా యార్డులో మంచి కాయ అమ్ముడుపోతుంది. తాలుని అడిగేవాడే ఉండడు. కాబట్టి ‘ఈ బ్రాంచికి డిమాండ్ ఉందా’ అన్నదొక్కటే అడిగితే చాలదు. ‘ఈ కాలేజీ నన్ను మంచి కాయగా బయటికి పంపుతుందా’ అని కూడా అడగాలి. దానికి చెయ్యి లోపలికి పెట్టాల్సిందే.

ఇంటికొచ్చిన సీటు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారానికే ఒకాయన బైకు మీద మా ఇంటికొచ్చాడు. ఏదో కాలేజీ పీఆర్వో. మా వాడి మార్కులు, నాన్న ఫోన్ నంబర్ అన్నీ ఆయన దగ్గర ముందే ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ సీటు, నాలుగేళ్లకి కలిపి ఎనిమిది లక్షలు, హాస్టల్ వేరే. ఇవాళే అడ్వాన్స్ కడితే యాభై వేలు తగ్గిస్తారు, ల్యాప్‌టాప్ ఫ్రీ అన్నాడు.

రాత్రి నాన్న నాకు ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, అరెకరం అమ్మేద్దామనుకుంటున్నా. రోడ్డు పక్క బిట్టు అడుగుతున్నారు. వాడి సీటు అయిపోద్ది.”

“వాడి ర్యాంకే ఇంకా రాలేదుగా నాన్నా, అప్పుడే ఎందుకు?”

“ర్యాంకు వచ్చాక సీటు ఉండదంట. ఆయన చెప్పిండు.”

నాకు నిద్ర పట్టలేదు. రెండెకరాల్లో అరెకరం అంటే నాలుగో వంతు. మర్నాడే బస్సెక్కి ఊరొచ్చేశా.

వచ్చి నాన్నకి ముందు చెప్పింది డబ్బు లెక్క. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ సీటుకి ఫీజు ప్రభుత్వం ఖరారు చేస్తుంది. కాలేజీని బట్టి ఏడాదికి సుమారు 40 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. అర్హత ఉన్న కుటుంబానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది ఈ కోటాలోనే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఆ దారి మూసుకుపోతుంది. ఈ ఒక్క మాట ఆ పీఆర్వో చెప్పలేదు.

వాడికి అసలు ఇష్టమేనా?

ఇంకో విషయం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. తమ్ముడికి కోడింగ్ ఇష్టమో కాదో. వాడినడిగితే “అందరూ తీసుకుంటున్నారుగా అక్కా” అన్నాడు. వాడు కంప్యూటర్ ముట్టుకున్నది టెన్త్‌లో రెండు పీరియడ్లు.

నా పాత ల్యాప్‌టాప్ వాడి ముందు పెట్టా. ఎప్‌సెట్ అయిపోయింది, కౌన్సెలింగ్‌కి టైముంది. నెల రోజులు పైథాన్ నేర్చుకోమన్నా. ఇప్పుడు దీనికి రూపాయి ఖర్చు లేదు. ఐఐటీలు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, హార్వర్డ్ వాళ్ల సీఎస్50 రెండూ ఆన్‌లైన్‌లో ఫ్రీగా చూడొచ్చు. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లోనే పైథాన్ రాసే యాప్‌లున్నాయి.

మూడో వారం వాడికో పని ఇచ్చా. నాన్న మిర్చి లెక్క ప్రోగ్రామ్‌గా రాయి. టిక్కీల బరువు, క్వింటా ధర, కమీషన్, హమాలీ, లారీ బాడుగ, కోత కూలీలు, పురుగు మందులు, కౌలు అన్నీ ఇస్తే చివరికి చేతికి ఎంత మిగిలిందో రావాలి.

రెండు రోజులు కుస్తీ పట్టాడు. రాత్రి అన్నాలయ్యాక నాన్నని పిలిచి స్క్రీన్ చూపించాడు. చివరి అంకె ముందు మైనస్ గుర్తు ఉంది.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వేలితో ఒక వరుస చూపించి, “లెక్క తప్పురా. 62 టిక్కీల్లో ఏడు తాలు. తాలుక్కూడా ఎర్రకాయ ధరే కట్టావు. దానికి ఐదున్నర వేలే ఇచ్చారు” అన్నాడు.

ఏడు టిక్కీలు, ఒక్కోటి 40 కిలోలు, క్వింటాకి ఐదు వేల తేడా. 14 వేలు. అంటే నష్టం వాడు చూపించిన దానికంటే ఇంకా ఎక్కువ. వాడు మళ్లీ కూర్చున్నాడు. తాలుకి వేరే ధర, వేరే బరువు పెట్టి, రాత్రి పన్నెండు దాకా సరిచేశాడు. ఎవరూ కూర్చోమనలేదు. తప్పు దొరికినందుకు వాడికి కోపం కూడా రాలేదు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. వీడు ఈ చదువుకి పనికొస్తాడు.

పొద్దున్నే వాడే నాన్నతో అన్నాడు, “పొలం అమ్మొద్దు నాన్నా. ఆ లెక్క చూశాక నాకా సీటు వద్దు.”

మన చుట్టూ ఉన్నవి ఎన్ని రకాలు?

ర్యాంకు వచ్చింది. 42 వేల చిల్లర. ఇక కాలేజీల వేట. ముందు మీకు ఒక సంగతి తెలియాలి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంజినీరింగ్ కాలేజీలన్నీ ఒకే గాటన కట్టేవి కావు.

మొదటి రకం, యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే ప్రైవేటు కాలేజీలు. 1981లో మొదలైన బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ, 1985 నాటి చౌడవరం ఆర్‌వీఆర్ అండ్ జేసీ నాగార్జున యూనివర్సిటీ కిందకి వస్తాయి. నరసరావుపేట, చీరాల, ఒంగోలు వైపు కాలేజీలు ఎక్కువగా కాకినాడ జేఎన్‌టీయూ కిందవి. వీటిలో చాలావాటికి అటానమస్ హోదా ఉంది. అంటే సిలబస్, పరీక్షలు కాలేజీవే, పట్టా మాత్రం యూనివర్సిటీది. మంచి కాలేజీ చేతిలో అటానమస్ వరం. ఏటా సిలబస్ మార్చుకోవచ్చు. అశ్రద్ధ చేసే కాలేజీ చేతిలో అదే మార్కుల పందేరం.

రెండో రకం ప్రభుత్వానివి. నరసరావుపేటలో కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీ, నాగార్జున నగర్‌లో ఏఎన్‌యూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నాయి.

మూడో రకం డీమ్డ్ యూనివర్సిటీలు. వడ్లమూడి విజ్ఞాన్, వడ్డేశ్వరం కేఎల్ ఈ కోవలోవి. ఇవి సొంతంగా అడ్మిషన్లు చేసుకుంటాయి.

నాలుగో రకం ప్రైవేటు యూనివర్సిటీలు. 2017లో అమరావతి ప్రాంతంలో మొదలైన నీరుకొండ ఎస్ఆర్ఎం, ఐనవోలు విట్ లాంటివి. వీటికీ సొంత ఎంట్రన్స్‌లున్నాయి. కానీ 2021 నుంచి ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద ఎప్‌సెట్ ర్యాంకుతోనే ఇస్తున్నారు. ఇది తెలియక మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు కూడా ఆప్షన్ పెట్టకుండా వదిలేస్తుంటారు.

ఇంట్లో టెన్త్ చదివే చెల్లెలో తమ్ముడో ఉంటే ఇంకో దారి గుర్తుంచుకోండి. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలు. టెన్త్ మార్కులతోనే సీటు, ఆరేళ్ల కోర్సు. 2016 నుంచి ఒంగోలు పేరుతోనూ ఒకటుంది.

చెయ్యి లోపలికి పెట్టడం ఎట్టా?

కాగితం మీద ఎనిమిది కాలేజీలు రాసుకున్నాం. నాన్న బండి తీసుకుని వారం రోజుల్లో ఐదు తిరిగాం. మేం చూసినవి ఇవీ.

మొదటిది, అధ్యాపకుల లెక్క. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ప్రతి 20 మంది విద్యార్థులకి ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏడాదికి 240 సీఎస్ఈ సీట్లంటే నాలుగేళ్లకి 960 మంది. అంటే ఆ ఒక్క బ్రాంచికే 48 మంది కావాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో పేర్లు లెక్కపెట్టండి. ఎంతమందికి పీహెచ్‌డీ ఉంది, ఎన్నేళ్లుగా ఉంటున్నారు చూడండి. ఆ తర్వాత అక్కడ చదివే పిల్లల్ని ‘ఈ లిస్టులో మీకు చెప్పేది ఎవరు’ అని అడగండి. ఒకచోట మేం లిస్టు చూపిస్తే ఒకబ్బాయి నవ్వేసి, “ఇందులో సగం మందిని నేనెప్పుడూ చూడలేదక్కా” అన్నాడు. ఆ కాలేజీ అక్కడికక్కడే కొట్టేశాం.

రెండోది, న్యాక్ వేరు, ఎన్‌బీఏ వేరు. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా, కొన్నేళ్ల గడువుతో ఇస్తారు. గేటు మీద ‘ఎన్‌బీఏ అక్రెడిటెడ్’ అని ఉంటే ఏ బ్రాంచికి, ఏ ఏడాది దాకా అని అడగండి. మెకానికల్‌కి వచ్చిన గుర్తింపు చూపించి కొత్తగా పెట్టిన డేటా సైన్స్ సీటు అమ్మొచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరుతో వెతికితే నిజం తెలిసిపోతుంది.

మూడోది, ప్లేస్‌మెంట్. అత్యధిక ప్యాకేజీ ఎంత అని అడగొద్దు. అది టిక్కీ మూతి దగ్గర పేర్చిన కాయ. ‘మీ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు? వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు? మధ్యలో ఉన్న పిల్లాడి జీతం ఎంత?’ ఈ మూడూ అడగండి. ఆఫర్ల సంఖ్య కాదు, మనుషుల సంఖ్య కావాలని గట్టిగా చెప్పండి. పెద్ద సంఖ్యలో తీసుకునే కంపెనీల్లో ఫ్రెషర్ జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. అది తెలిస్తే ఫ్లెక్సీ మీద 40 లక్షలు చూసి కళ్లు తిరగవు.

నాలుగోది, లింక్డ్‌ఇన్. కాలేజీ పేరు కొట్టి, రెండేళ్ల కిందట పాసైన వాళ్లు ఇప్పుడెక్కడున్నారో చూడండి. పదిమందికి మర్యాదగా మెసేజ్ పెట్టండి. మేం పెడితే నలుగురు జవాబిచ్చారు. అందులో ఒకమ్మాయి రాసినంత వివరంగా ఏ బ్రోచరూ చెప్పదు.

ఐదోది, గేటు బయట టీ బంకు. అడ్మిషన్ ఆఫీసులో ఏసీ ఉంటుంది, నిజం ఉండదు. సాయంత్రం నాలుగు తర్వాత బంకు దగ్గర థర్డ్ ఇయర్ పిల్లలుంటారు. ‘ల్యాబ్ ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది? ఎగ్జామ్ రిజల్ట్స్ ఎప్పుడొస్తాయి? మళ్లీ ఛాన్సొస్తే ఇక్కడే చేరతావా?’ అని అడగండి. మూడో ప్రశ్నకి వాళ్లు జవాబిచ్చేముందు తీసుకునే టైము కూడా జవాబే.

కాలేజీయా, బ్రాంచా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. మంచి కాలేజీలో ఈసీఈ వస్తోంది, మామూలు కాలేజీలో సీఎస్ఈ వస్తోంది. ఏది?

నా మాట ఇదీ. ఐటీ కంపెనీలు చాలావరకు తమ పరీక్షలకి ఈసీఈ, ఈఈఈ పిల్లల్ని కూడా రానిస్తాయి. మంచి కాలేజీలో ఈసీఈ చదువుతూ కోడింగ్ నేర్చుకోవచ్చు. కానీ సర్క్యూట్లంటే వాంతి వచ్చేవాడు నాలుగేళ్లు అవే చదవాలి కదా. ఇష్టం బలంగా ఉంటే బ్రాంచి, ఇంకా తేలకపోతే కాలేజీ. పాఠం చెప్పేవాళ్లు లేని చోట మాత్రం ఏ బ్రాంచీ వద్దు.

ఇక సీఎస్ఈలోనే ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని పేర్లొచ్చాయి. పేరు చూసి కంగారు పడొద్దు. మొదటి రెండేళ్లు చాలావరకు అవే సబ్జెక్టులు. గేట్‌లో కూడా డేటా సైన్స్, ఏఐకి 2024 నుంచి వేరే పేపర్ వచ్చింది, కాబట్టి ఆ చదువుకి విలువ లేదని కాదు. ఆ కాలేజీలో అది చెప్పగలిగే వాళ్లున్నారా అన్నదే చూడాలి. ఐటీ బ్రాంచైతే సీఎస్ఈకి సొంత తమ్ముడే. సిలబస్ పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

ఆప్షన్లు పెట్టే రాత్రి

ఎప్‌సెట్ ర్యాంకులో 75 శాతం పరీక్ష మార్కులు, 25 శాతం ఇంటర్ మార్కులు. ర్యాంకు వచ్చాక ఇక మన చేతిలో ఉండేది ఆప్షన్ల వరుస ఒక్కటే. అక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు.

గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి సీటు ఎంత ర్యాంకుకి వచ్చిందో జాబితా దొరుకుతుంది. అది ముందు పెట్టుకోండి. మన కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, లోకల్ ఏరియా మూడూ సరిచూసుకోండి. గుంటూరు, ప్రకాశం వాళ్లు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా లోకల్. పక్కనే ఉన్న నెల్లూరు మాత్రం ఎస్వీయూ ఏరియా. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి కాబట్టి ఈ తేడాతో ర్యాంకు లెక్క మొత్తం మారిపోతుంది.

వరుస పెట్టేటప్పుడు ‘వస్తుందా రాదా’ అని ఆలోచించొద్దు. బాగా కావాల్సింది పైన, ఆ తర్వాతది దాని కింద. పైన పెట్టింది రాకపోతే నష్టమేమీ లేదు, సిస్టమ్ కిందిదానికి వెళ్తుంది. కానీ కింద పెట్టాల్సింది పైన పెడితే, అదే వచ్చేసి మంచిది చేజారిపోతుంది. చేరడం ఇష్టం లేని కాలేజీని అసలు పెట్టొద్దు. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి సీటు రద్దయిపోతుందన్నదీ గుర్తుంచుకోండి.

ఇంకొక్క జాగ్రత్త. మీ పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. నెట్ సెంటర్ అన్నకీ, ‘మేం పెట్టేస్తాం’ అని వచ్చే కాలేజీ వాళ్లకీ. మా ఊళ్లోనే ఒకబ్బాయికి తెలీకుండా మొదటి ఆప్షన్ మారిపోయింది. చూసుకునేసరికి గడువు దాటిపోయింది. అడ్వాన్స్ పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ముందే ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

మేం ఆ రాత్రి 31 ఆప్షన్లు పెట్టాం. నాన్న మంచం మీద కూర్చుని ఒక్కో పేరూ చదివించుకున్నాడు. “ఇది టీ బంకు పిల్లలు బాగుందన్న కాలేజీయేనా?” అని అడిగి మరీ రెండు పేర్లు పైకి జరిపించాడు.

తొమ్మిదో ఆప్షన్ వచ్చింది. ఐటీ బ్రాంచి, కన్వీనర్ కోటా, ఇంటి నుంచి బస్సులో గంట ప్రయాణం. ఫ్లెక్సీల మీద కనిపించే పేరేమీ కాదు. కానీ మేం వెళ్లిన రోజు సాయంత్రం ఆరింటికి కూడా అక్కడ ల్యాబ్‌లో లైట్లు వెలుగుతున్నాయి.

ఇప్పుడు వాడు కాలేజీ నుంచి ఫోన్ చేసి పాయింటర్లు అర్థం కావట్లేదని నన్ను తిడుతుంటాడు. అన్నీ బాగున్నాయనీ చెప్పను. ఒక సబ్జెక్టు సార్ వాడికి నచ్చలేదు, బస్సులో నిలబడే వెళ్తున్నాడు. రోడ్డు పక్క అరెకరంలో మాత్రం నాన్న ఈసారి మిర్చి తగ్గించి శనగ వేశాడు. “అందరూ ఏది వేస్తే అది వెయ్యకూడదని నువ్వే చెప్పావుగా” అంటాడు నాతో.

ఈ ఏడాది మీ వంతో, మీ చెల్లి వంతో అయితే నేనడిగేది ఒక్కటే. వెబ్ ఆప్షన్లు తెరిచే ముందు ఒక్క సాయంత్రం ఖర్చు పెట్టండి. మీరనుకున్న కాలేజీ గేటు బయట ఒక టీ తాగి రండి.